ముందు చలికాలం చూద్దామన్నాను

నా భార్య శాంత పోయింది 1982 జనవరి తొమ్మిదో తేదీన, శనివారం మధ్యాహ్నం, డెహ్రాడూన్‌లో. ఆ సమయంలో నేను పోస్టాఫీసు దగ్గర ఉన్నాను. ఎమ్మిగనూరులో ఉన్న తన అక్క సుంకమ్మకు శాంత ఆ ఉదయం చెప్పగా నేను రాసిన కార్డును డబ్బాలో వేయడానికి వెళ్లాను. కార్డులో పెద్ద విషయాలేమీ లేవు. ఇక్కడ మంచు పొగలా దిగుతుందని, జొన్నపిండి దొరకదని, తలకు పోసుకొని వారమైందని రాయించింది. చివర, నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది అని రాయమంది.

కార్డు వేసి వెంటనే రావలసింది. ఐదు రోజుల తర్వాత ఆ రోజే ఎండ వచ్చింది. పోస్టాఫీసు అరుగు మీద ఎండ పడుతోంది. అక్కడ కూర్చున్నాను. వీపు వెచ్చబడే కొద్దీ లేవబుద్ధి కాలేదు. గంటన్నర కూర్చున్నాను.

తిరిగి వచ్చి తలుపు తోస్తే కింద ఏదో అడ్డుపడింది. గోనెపట్ట. తలుపు సందులో నుంచి చలి రాకుండా అడ్డంగా వేసుకునేది. వెళ్లేటప్పుడు, నేను బయటికి పోయాక దాన్ని కాలితో తోసుకో అని శాంతకు చెప్పి వెళ్లాను. తోసుకుంది. గట్టిగా నెట్టి లోపలికి వెళ్లాను. శాంత మంచం మీద బొంత కప్పుకొని పడుకుని ఉంది. ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. అంత రంగు ఆ ముఖంలో నేను చాలా ఏళ్లుగా చూడలేదు. నిద్రపోతోంది, లేపకూడదని చప్పుడు కాకుండా చెప్పులు విడిచాను. కాసేపటికి నాకు తల దిమ్మెక్కింది. అప్పుడు మంచం దగ్గరికి వెళ్లి పిలిచాను.

గది మధ్యలో కుంపటి ఉంది. ఇనుప బకెట్టు లోపల మట్టి మెత్తి చేసిన కుంపటి. బొగ్గులు పొగ పోయేదాకా బయటే ఉంచి, ఎర్రబడ్డాకనే నేను లోపలికి తెచ్చేవాణ్ని. పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదనుకున్నాను. గోడ పైభాగాన గాలికోసం కట్టిన రెండు గూళ్లుంటే, చలి వాటిలో నుంచే వస్తోందని వారం ముందు స్టూలు ఎక్కి వాటిలో దూది కుక్కాను. బాగా కుక్కాను. ఏ పని చేసినా సరిగ్గా చేయడం నాకు అలవాటు.

ముప్పై నాలుగేళ్లు నేను ఆదోనిలో సామాన్యశాస్త్రం చెప్పాను. బొగ్గు సరిగా గాలి ఆడనిచోట మండితే ఏ వాయువు పుడుతుందో, దానికి వాసన ఉండదని, రంగు ఉండదని, మనిషి నిద్రలోనే పోతాడని ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పాను. మూడు మార్కుల ప్రశ్నగా ఇచ్చాను. రాయనివాళ్లను నిలబెట్టాను. ఆదోనిలో కుంపటి ఎప్పుడూ వసారాలోనో, పెరట్లోనో ఉంటుంది. తలుపులేసి కుంపటి చుట్టూ కూర్చోవడమనేది మా వైపు ఎవరూ ఎరగరు. పుస్తకంలోని గది, నేనున్న గది ఒకటేనని నాకు తోచలేదు.

అసలు అక్కడికి ఎందుకు వెళ్లామో చెప్పాలి.

1981 మార్చిలో రిటైరయ్యాను. ఆ ఏప్రిల్ నుంచే శాంతకు ఎండ పడలేదు. ఆదోని ఎండ సంగతి ఆదోనిలో బతికినవాళ్లకే తెలుస్తుంది. ఊరి చుట్టూ ఉన్న గుట్టలు పగలంతా కాగి, పొద్దు గుంకాక ఆ వేడిని ఇళ్ల మీదికి వదులుతాయి. జిన్నింగు ఫ్యాక్టరీల దూది నుసి గాలిలో తేలి, చెమట పట్టిన మెడకు అంటుకుంటుంది. శాంత ఒంటి నిండా చెమటకాయలు పేలి, గోకితే పుండ్లయ్యేవి. మే నెలలో వీధి కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి అట్లాగే పడిపోయింది. మా వీధిలో దూది ఏకే ఉస్మాన్ సాబ్ భార్య సైదా బీ ముఖాన నీళ్లు చల్లి ఇంటికి తెచ్చింది.

"వచ్చే యేడు ఈ ఎండకు నేను ఉండను" అంది శాంత ఆ రోజు. "సస్తానని కాదు. ఉండలేను, అంతే."

డెహ్రాడూన్‌లో నా తమ్ముడు ఈరన్న సర్వే ఆఫీసులో నక్షలు గీసే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాడు. వాడి ఇంటి వెనకాల ఒక గది ఖాళీగా ఉంది. మీరిద్దరే గదా, వచ్చి ఇక్కడే ఉండిపోండి, ఇక్కడ ఎండాకాలంలో కూడా రాత్రిళ్లు దుప్పటి కావాలి అని ఎన్నో సార్లు రాశాడు. మాకు పిల్లలు లేరు. నాకు మాత్రం చలి పడదు. తుంగభద్ర మీది నుంచి డిసెంబరులో వీచే గాలికే నాకు ఆయాసం వస్తుంది. ఆమెకు ఇక్కడి ఎండ, నాకు అక్కడి చలి. మిగిలిన కాలమంతా ఈ రెంటిలో ఏదో ఒకటి భరించాలి. ఆ వేసవి అంతా ఇంట్లో ఇదే మాట.

"చైత్రంలో పోదాం" అంది శాంత. "ఈడ ఎండలు ముదరకముందే పోయి, ఆ మూడు నెల్లు ఆడుండి సూద్దాం. బాగుంటే ఉందాం, ల్యాకుంటే వానలకు వచ్చేద్దాం."

"అట్లా కాదు. ఎండాకాలంలో అక్కడ ఎవరికైనా బాగానే ఉంటుంది. అది పరీక్షే కాదు. అక్కడి చలికాలం తట్టుకోగలమా లేదా అన్నదే అసలు సంగతి. ముందు చలికాలం చూద్దాం. అది దాటితే ఇంక ఆలోచించే పనే లేదు."

"ఓయప్పా! రిటైరైనాక పిల్లోళ్లు దొరకలేదని నన్ను కూసోబెడ్తాండావా పరీచ్చకు?"

"నేను కూడా కూర్చుంటున్నాను కదా."

"నువ్వు కూసుంటే పాసైతావులే. పేపరు పెట్టేదీ నువ్వే, దిద్దేదీ నువ్వే."

నవ్వింది. తర్వాత ఆ మాట ఎత్తలేదు. నా ఇష్టానికి వదిలేసింది. ఇది గుర్తుంచుకోవాలి. చల్లటి ఊరు కావాలన్నది ఆమె. చలికాలంలోనే పోవాలన్నది నేను.

బొంతలు కుట్టించే పని ఉస్మాన్ సాబ్‌కు ఇచ్చాను. మా వీధి చివర దూది ఏకే కొట్టం ఆయనది. నాకన్నా రెండేళ్లు పెద్ద. వాళ్ల తాత కాలం నుంచి అదే పని. పెద్ద విల్లు లాంటి పరికరం తాడుకు వేలాడదీసి, దాని నారిని మోగిస్తూ దూదిని ఏకుతుంటే గది నిండా తెల్లగా లేస్తుంది. ఆయన కనుబొమలు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి. రెండు బొంతలకు మామూలుకన్నా ఒకటిన్నర రెట్లు దూది వేశాడు. "ఇది కప్పుకుంటే సలి మీ ఇంటి ముందర నిలబడి సలాం కొట్టి పోతాది సార్" అన్నాడు. బొంతలతో పాటు ఒక దూది మూట కూడా ఇచ్చాడు. "ఉండనీండి. సెవుల్లో పెట్టుకోడానికి, యాడైనా కుట్టు ఇడిస్తే మళ్లా నింపేదానికి. దూదిదేముంది, దేనికన్నా పనికొస్తాది."

నవంబరులో వెళ్లాం. శాంతకు ఆ చలి బాగానే పట్టింది. చెమటకాయలు మానిపోయాయి. కంబళి ముసుగేసుకుని, ఈరన్న భార్యతో పాటు బజారుకు పోయి బఠాణీలు తెచ్చి వొలిచేది. ముక్కుతూ మూలుగుతూ కూర్చున్నది నేను. కుంపటి అడిగింది నేను. గూళ్లలో దూది కుక్కింది నేను.

ఆ మధ్యాహ్నం ఈరన్న ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. గదిలోకి అడుగుపెట్టి ఒక్కసారి పైకి, ఒక్కసారి కుంపటి వైపు చూశాడు. వాడికి వెంటనే అర్థమైంది. స్టూలు లాగి ఎక్కి, గూళ్లలోని దూదిని పెరికి కోటు జేబుల్లో కుక్కుకున్నాడు. జేబులు ఉబ్బాయి. ఆ ఉబ్బిన జేబులతోనే వదినె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు.

"అన్నా, కుంపటి మాట ఎత్తొద్దు. సలికి గుండె ఆగిపోయిందని డాక్టరు రాసిస్తాడు, నాకు తెలిసినాయనే. ల్యాకుంటే పోలీసోళ్లొస్తారు. కోస్తారు. వదినెను కోయనిస్తావా?"

నేను తల అడ్డంగా ఊపాను. కోయనివ్వను అని. దాన్ని వాడు అన్నింటికీ ఒప్పుకోలుగా తీసుకున్నాడు. నేనూ అట్లాగే తీసుకున్నాను.

ఈరన్న భార్య మాత్రం తలుపు దగ్గర నిలబడి ఒకటే మాట అంటూ ఉండింది. "కుంపటి బయట పెట్టినాకనే తలుపేసుకోవల్లని సెప్పాలని తోసలేదు బావా. ఈడ చిన్న పిల్లోళ్లకు గూడా తెలిసిందే గదా. మీరు సదువు సెప్పినోళ్లు, మీకు తెల్దనుకోలేదు."

ఆ సాయంత్రం నేను రొట్టెలు తిన్నాను. వేడిగా ఉన్నాయి. మూడు తిన్నాను.

దహనం అక్కడే జరిగింది. రైళ్లు మారుతూ నాలుగు రోజులు ప్రయాణం చేసి వచ్చాను. నాగపూర్ దాటాక చలి తగ్గింది. గుంతకల్లులో దిగి ఆదోని బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడితే ముఖాన ఎండ కొట్టింది. నా ఒళ్లు ఆ ఎండకు సంతోషించింది. ఊపిరి సాఫీగా ఆడింది. చేతిలో అస్థికల కుండ ఉంది. పరీక్ష ఫలితం వచ్చేసింది, ఇంక ఆదోనే అని ఒక ఆలోచన నా తలలోకి దానంతట అదే వచ్చింది. ఇంత అసహ్యమైన ఆలోచన నాకు అంతకు ముందెప్పుడూ రాలేదు.

పలకరించడానికి జనం వచ్చారు. చాప మీద కూర్చున్నారు, కాఫీలు తాగారు. రిటైర్డు హెడ్‌గుమాస్తా గిడ్డయ్య మొదలుపెట్టాడు.

"ఆ పక్క సలి ఎముకలు కొరుకుతాదంట గదా సార్. మన ఎండే నయం. ఎండకు మనిషి వాడ్తాడు గాని సావడు."

"ఎందుకు సావడూ? పోయినేడు ఆలూరు పక్క ముగ్గురు పోయినారు సేన్లల్లో" అన్నాడు పక్కనున్నతను.

"వాళ్లు తాగి పండుకోనుంటారు."

"తాగకపోయినా పోతారప్పా. సలికైతే కంబళి కప్పుకోవచ్చు. ఎండకు ఏం కప్పుకుంటావు? తోలు ఒలుసుకుంటావా?"

ఎవరో నవ్వి, నా వైపు చూసి ఆపుకున్నారు.

"నన్నడిగితే" అన్నాడు గిడ్డయ్య కాఫీ గ్లాసు కింద పెడుతూ, "ఎండాకాలం ఆడ, సలికాలం ఈడ. వలసపోయే పచ్చులు సేసేది అదే. సార్‌కు తెలివుంది గాని ఆయమ్మ ఇన్నట్టు లేదు. పట్టు పట్టింటాది. ఆడోళ్లు ఒగసారి అనుకున్నారంటే అంతే. సలెంతుండె సార్ ఆడ?"

నేను డిగ్రీలు చెప్పాను. సరిగ్గా చెప్పాను. జనవరిలో తెల్లవారుజామున ఇంత, మధ్యాహ్నం ఇంత అని. వాళ్లు నోళ్లు తెరిచి విన్నారు. నోళ్లలో కాఫీ వాసన. వాళ్ల మీద నాకు కలిగిన రోత ఇప్పటికీ పోలేదు. అయితే వాళ్లు తెలియక మాట్లాడారు. ఆయమ్మ పట్టు పట్టింటాది అన్న మాటను తెలిసి కూడా పోనిచ్చింది నేను. అది ఆ చాప మీద నుంచి లేచి ఊరంతా తిరిగింది. వారం లోపల ఎమ్మిగనూరు చేరింది.

ఉస్మాన్ సాబ్ వాళ్లతో రాలేదు. కర్మలయ్యాక ఒక పొద్దున ఒక్కడే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఆ బొంత ఒగసారి సూపిస్తారా?"

పెట్టెలో నుంచి తీసి ఇచ్చాను. శాంత కప్పుకున్న బొంత. నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని అంగుళం అంగుళం తడిమాడు. ఒక మూల దగ్గర చేయి ఆగింది.

"ఈడ జారింది సూడండి. దూది ఒగ పక్కకు పోయింది. ఈ జానెడు మేర వట్టి గుడ్డే. సలి ఈన్నుంచే దూరింటాది." తల ఎత్తలేదు. "దగ్గర దగ్గరగా కుట్టల్సింది. తొందరపడితి."

"అదేం కాదు సాబ్."

"మీరు మంచోళ్లు, అట్లే అంటారు."

బొంత మడిచి ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ రోజు చెప్పలేదు. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. దసరా దాటాక ఒకరోజు సైదా బీ కొళాయి దగ్గర కనిపించి చెప్పింది. "ఈయన బొంతలు ఒప్పుకోడం లేదన్నా. దిండ్లు కుడ్తాడు, పరుపులు కుడ్తాడు. బొంత మాటెత్తితే నాకు చేతకాదంటాడు. నలభై ఏండ్లు కుట్టినోడు! మీరన్నా ఒగ మాట సెప్పండి."

అప్పుడు ఆయన కొట్టానికి వెళ్లాను. పని ఆపించి, కూర్చోబెట్టి, కుంపటి సంగతి, గోడ గూళ్ల సంగతి చెప్పాను. చలి వల్ల కాదు సాబ్, నీ బొంత వల్ల కాదు, గాలి ఆడకుండా నేనే మూశాను అని చెప్పాను. చెబితే ఆయన గుండె తేలికవుతుందనుకున్నాను.

నారి మీద వేలు ఒకసారి ఆనించి తీశాడు. తర్వాత అడిగాడు.

"దేంతో మూసినారు సార్?"

నా చూపు పక్కనున్న దూది కుప్ప మీదికి పోయింది.

"నేనిచ్చిన దూదేనా?"

"అవును."

కనుబొమల మీది నుసి చేత్తో తుడుచుకున్నాడు. "మంచి దూది సార్ అది" అన్నాడు. "దాంట్లో నుంచి గాలి పోదు."

లేచి నిలబడ్డాను. గుమ్మం దగ్గర పిలిచాడు. "ఎమ్మిగనూర్లో సెప్పినారా ఈ మాట?"

"లేదు."

"సెప్పల్ల సార్. అందరూ ఆయమ్మ మీద పెట్టినారు. పట్టు పట్టి పోయిందనీ, ఆశ పడి పోయిందనీ. సచ్చినామె వచ్చి సెప్పుకోల్యాదు గదా. మీరు అయివార్లు. మీరే సెప్పల్ల."

సరేనన్నాను. ఆ తర్వాత ఉస్మాన్ సాబ్ బొంతలు కుట్టడం మళ్లీ మొదలుపెట్టాడు. మా ఇంటికి రావడం మానేశాడు.

ఆయనకు కూడా నేను అంతా చెప్పలేదు. ఇక్కడ మొదట్లో రాసినప్పుడు కూడా ఒక మాట వదిలేశాను. ఆ శనివారం నేను కార్డు తీసుకుని బయలుదేరుతుంటే శాంత మంచం మీద నుంచి, "కిటికీ రెక్క ఒగటి తీసిపో. గాలాడ్తలేదు, తల నొస్తాంది" అంది. గది అప్పుడే వెచ్చబడింది. తిరిగి వచ్చేసరికి చల్లబడుతుందని, "వద్దు, పడుకో, తగ్గిపోతుంది" అన్నాను. ఆమె సరే అంది. బతికినన్నాళ్లూ గాలి కోసం తలుపులు తీసిపెట్టిన మనిషి ఆమె. తీయమని అడిగింది. నేను వద్దన్నాను. జరిగింది అది.

1983 జనవరిలో, పుష్యమాసంలో తిథి ప్రకారం ఏడాది వచ్చింది. ఎమ్మిగనూరు వెళ్లాను.

మా వాళ్లలో ముత్తైదువగా పోయిన ఆడమనిషికి ఏడాదినాడు చీర పెడతారు. పుట్టింటివాళ్లే పెట్టాలి. మగ్గం మీద ఆమె పేరున నేసిన చీర. పసుపు రాసి, దీపం ముందు పెట్టి, ఆమె పేరు చెప్పి పిలిచి, తర్వాత ఆ చీరను అక్కచెల్లెళ్లలో ఒకరు కట్టుకుని భోజనానికి కూర్చుంటారు. అప్పటి నుంచి ఆ మనిషి ఇంటి మంచిచెడ్డల్లో ఉన్నట్టు లెక్క. పెళ్లికి, సీమంతానికి ముందుగా ఆమె పేరే తలుస్తారు. చీర పెట్టకపోతే ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు. శాంతకు పుట్టింట మిగిలింది సుంకమ్మ ఒక్కతే. చీర సుంకమ్మే పెట్టాలి, సుంకమ్మే కట్టుకోవాలి.

సుంకమ్మ భర్త శేషప్ప ఆ చీర అప్పటికే నేశాడు. నేను వెళ్లేసరికి గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని వేరే చీర నేస్తున్నాడు. మగ్గం ఆపి, లేచి, పెట్టెలో నుంచి మడత తెచ్చి చూపించాడు. వంకాయరంగు చీర, ఆకుపచ్చ అంచు.

"శాంతకు ఈ రంగు ఇష్టమని నేసినా. ఈమె సూస్తే ముట్టుకోనంటాంది."

సుంకమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నన్ను చూసి కూడా చక్రం ఆపలేదు.

"రా మరిదీ. కూసో. నీళ్లు తాగు." మరి కొంచెం చుట్టింది. "సీర సూపించినాడా? బాగుందా? కట్టుకునేటోళ్లు ఎవురన్నా ఉంటే ఇయ్యమను."

"అట్లంటావేందే" అన్నాడు శేషప్ప. "నీ సెల్లెలు."

"నాకు తెల్దా సెల్లెలని? తల్లి సచ్చిపోతే నా సంకనేసుకోని పెంచితి. అది మొగునికి సలి పడదని తెలిసి, ఆయాసమొచ్చే మనిషిని లాక్కోని పోయింది సల్లగుంటాదని. ఊరంతా ఉండలా ఈ ఎండకు? నేనుండలా? ఈ రాట్నం ముందు కూసోని నా ఈపు కాలలా? దానికే ఒంటి మీద పూలు పూసినాయా!" చక్రం ఆగింది. దారం తెగింది. "ఎండకు పండుకోబెట్టి మూడు నెల్లు నా దగ్గరుంచుకుందును గదా. ఒగమాట అడిగిందా? అడగలా. దాని ఆశే దాన్ని తినింది. తనంతట తాను సావు ఎతుక్కోని పోయిన మనిషిని నేను దీపం ముందరికి పిలవను. పిలిస్తే గూడా రాదు. దానికి ఈడ ఉడుకు."

తెగిన దారం కొస వెతుక్కుంటూ తల వంచుకుంది. కొస దొరకలేదు.

నేను నోరు తెరిచాను. శాంత చలికాలంలో పోదామనలేదు, చైత్రంలో పోదామంది, నేనే చలికాలం అన్నాను. లాక్కుపోయింది ఆమె కాదు. చలి చంపలేదు. కిటికీ తీయమంది. ఇవన్నీ నాలుగు వాక్యాలు. పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పొచ్చు. సుంకమ్మ నన్ను తిడుతుంది, చెంప మీద కొట్టినా కొడుతుంది. తర్వాత లేచి ఆ చీర తీసుకుంటుంది. అది కూడా నాకు తెలుసు.

"ఆ యేడు చలి మామూలుకన్నా ఎక్కువగా ఉండిందమ్మా" అన్నాను.

అంతే వచ్చింది నా నోట్లో నుంచి. శేషప్ప చీర మడత చేతిలో పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత దాన్ని పెట్టెలో పెట్టేశాడు. నాకు అన్నం పెట్టారు. తిన్నాను.

బస్టాండు దాకా శేషప్ప నాతో వచ్చాడు. ఉరుకుంద వైపు పోయే బస్సు దగ్గర జనం ఎక్కుతూ తోసుకుంటుంటే, ఆ గోలలో నా చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"తమ్ముడా, ఒగటి అడుగుతా. నిజం సెప్పు. ఆ పాపే మొండికేసిందా? నేను సిన్నప్పటి నుంచి సూసిన పిల్ల. దేనికీ మొండికేసేది కాదే."

"అందరం కలిసే అనుకున్నాం" అన్నాను.

"సరేలే. ఎప్పుడన్నా సెప్పబుద్దైతే సెప్పు. సీర పెట్టెలోనే ఉంటాది. మూడు వేపాకులేసి పెడ్తా, పురుగు పట్టదు."

ఆదోని బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడుగునా నాకు నేను సమాధానం చెప్పుకున్నాను. చచ్చినవాళ్లు చీర కట్టుకోరు. దీపం ముందు పిలిస్తే రారు. నేను శాస్త్రం చెప్పినవాణ్ని, ఇట్లాంటివి నమ్మేవాణ్ని కాను. పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత. వాదన చక్కగా ఉంది, ఎక్కడా తప్పు లేదు. ఆదోని వచ్చేసరికి నా వాదన నాకే పాచిపోయిన అన్నంలా కంపు కొట్టింది. నమ్మనివాడు చెప్పడానికి భయపడనక్కర్లేదు. నేను భయపడ్డాను. సుంకమ్మ తిట్టుకు కాదు. ఊళ్లో నన్ను బాలకృష్ణయ్య సార్ అని పిలుస్తారు. ఎదురైతే సైకిలు దిగుతారు. దిగరేమోనని.

ఆ తర్వాత 84లో వెళ్లాను, 85లో వెళ్లాను. ప్రతి పుష్యమాసంలో వెళ్లి, వసారాలో కూర్చుని, చలి గురించి, ఎండ గురించి మాట్లాడి వస్తాను. సుంకమ్మ మోకాళ్లు ఇంకా పాడయ్యాయి. మొన్న మే నెలలో ఆమె కూడా రాట్నం ముందు పడిపోయిందని శేషప్ప కార్డు రాశాడు. చూడటానికి వెళ్లాను. మంచం మీద పడుకుని, తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని ఉంది.

"ఈ ఉడుకు నాకూ పడ్తలేదు మరిదీ" అంది. "దానికెట్లుండెనో ఇప్పుడు తెలుస్తాంది."

విసనకర్ర అందుకుని విసిరాను. శేషప్ప నీళ్లు తేవడానికి వెళ్లాడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆమె కళ్లు మూసుకుని, కొంచెంసేపటికి, "అది పోయేటప్పుడు ఏమన్నా అనిందా?" అని అడిగింది. నాలుగేళ్లలో ఆమె శాంత గురించి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

నేను విసురుతూనే ఉన్నాను. శేషప్ప చెంబుతో వచ్చాడు. ఆమె లేచి నీళ్లు తాగింది.

ఇది 1986 జూన్. సుంకమ్మకు ఇంకా చెప్పలేదు.